ఏ పచ్చ?

మొన్న ఆదివారం మధ్యాహ్నం, మేముండే ఈ హిందీ ఊళ్లో, డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ తెలుగు చర్చిలో, ఒకప్పుడు నాతో పనిచేసిన ఆవిడ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారు ఒక కాగితం చూసి చదివారు. డెబ్బై ఒకటో ఏట ప్రభువునందు నిద్రించారు, ఇరవై ఆరేళ్లు ఒకే ఫ్యాక్టరీలో పనిచేశారు, ముప్పై ఏళ్లు గాయకబృందంలో పాడారు. ఎవరైనా అంకె చెబితే మనసులో సరిచూసుకోవడం నాకు అలవాటు. అన్నీ సరిపోయాయి. కానీ ఆ కాగితంలో ఆవిడ ఎడమకన్ను లేదు.

ఆ కన్ను గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పడం నావల్ల కాదు. ఊరి చివర టాటీబంధ్ అవతల లారీలకి కమాను పట్టీలు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. లారీ బరువంతా ఆ ఉక్కు పట్టీల మీదే నిలుస్తుంది. బయటినుంచి వచ్చిన ఉక్కు ఏ రకమో పరీక్షించి చెప్పడం ఆవిడ ఉద్యోగం. పరీక్ష చేసే పరికరానికి పెద్ద పేరేదో ఉంది గాని, ఫ్యాక్టరీలో అందరూ దాన్ని దుర్బీన్ అనేవారు. ఆవిడేమో దుర్బీన్ దీదీ. ఉక్కుముక్కకీ ఒక రాగిపుల్లకీ మధ్య కరెంటు మెరుపు పుట్టించి, ఆ వెలుగును గాజు పట్టకం గుండా పంపితే, చూసేవాళ్ల కంటికి చీకట్లో రంగురంగుల సన్నగీతలు కనిపిస్తాయి. అలా చూడ్డానికి ఎడమకన్ను మూసి కుడికన్ను ఆనించాలి. రోజూ మూసీ మూసీ ఆ కన్ను పరికరం లేనిచోట కూడా మూసుకుపోయేది. ఏదైనా శ్రద్ధగా చూడాలంటే చాలు. పాటల పుస్తకం చూసినా, వంకాయలో పురుగుందేమోనని చూసినా అంతే. ఒకసారి కూరల సంతలో ఆవిడ అలా చూస్తుంటే, వంకాయలమ్మే ముసలాయన పక్కవాడితో, "దేఖ్ రే, దీదీ ఇస్ ఉమర్ మే ఆంఖ్ మార్ రహీ హై" అన్నాడు. ఈ వయసులో కన్ను కొడుతోందట. ఆవిడ వంకాయ పక్కన పెట్టి, "ఆంఖ్ తుమ్హే నహీ, కీడే కో మారీ" అంది. పురుగుకే కొట్టిందట కన్ను. ముసలాయన రెండు వంకాయలు ఎక్కువేశాడు.

ఆవిడది బాపట్ల వైపు. తండ్రి రైల్వే పని మీద ఇక్కడికి వచ్చాడు. ఇంట్లో ఆడపిల్లలందరూ నర్సులే. ఈవిడ కూడా శిక్షణలో చేరి, పదకొండో రోజున రక్తం చూసి కళ్లు తిరిగి పడి, మంచం మీది రోగిచేతే నీళ్లు తాగించుకుని ఇంటికి వచ్చేసిందట. ఆ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పేది. "ఇనుముకి రక్తం రాదు తమ్ముడూ, అందుకని ఇటొచ్చాను."

ఇంకో అలవాటు. ఆవిడ ముందు ఎవరైనా ఒక మాట గట్టిగా చెబితే, తల పక్కకి వంచి, "చూశావా, అనుకున్నావా?" అని అడిగేది. అందరినీ అలాగే అడిగేది, ఫోర్‌మన్‌ని కూడా. పాస్టరుగారిని సైతం ఒకసారి అడిగిందని విన్నాను. చర్చి పైకప్పు కారడం లేదని ఆయన అన్నారట.

నేనా ఫ్యాక్టరీలో మొదట బరువులు మోశాను. మావాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. నేను హిందీ మీడియంలో ఎనిమిది దాకా చదివి ఆపేశాను. కానీ అంకెలు నన్ను వదల్లేదు. డెబ్బై మిల్లీమీటర్ల వెడల్పు, ఎనిమిది మందం, మీటరు పొడవున్న పట్టీ నాలుగు కిలోల నాలుగువందల గ్రాములకు నాలుగు గ్రాములు తక్కువ తూగుతుందని కాటా ఎక్కించకుండా చెప్పేవాణ్ణి. అలా చెప్పడం చూసే నన్ను మోత నుంచి తీసి లెక్క రాసే పనిలో పెట్టారు. చేతిలో సర్టిఫికెట్టు లేదు. లెక్క తప్పడన్న పేరొక్కటే ఉండేది.

ఒకరోజు పాత పుస్తకాల బండి మీద హిందీలో ఉన్న రసాయనశాస్త్రం పుస్తకం దొరికింది. అందులో ఎలక్ట్రాన్ల గురించి చదివాను. వాటి వలయాలను హిందీలో కక్షా అంటారు. తరగతిని కూడా కక్షా అనే అంటారు. పహలీ కక్షా మే దో, దూస్‌రీ మే ఆఠ్ అని చదివి, ఒకటో తరగతిలో ఇద్దరు, రెండో తరగతిలో ఎనిమిదిమంది పిల్లలన్నమాట, ఏడాదికేడాది బడి పెరుగుతోంది అనుకున్నాను. పేజీన్నర చదివాక గాని సంగతి తెలియలేదు. టీ వేళలో ఈ ముచ్చట ఆవిడకి చెబుతుంటే కొలిమి దగ్గర పనిచేసే మల్లయ్య విన్నాడు. మల్లయ్యది కరీంనగర్ వైపు.

"కక్షనా? ఎలక్ట్రానుకు ఎవలి మీద కక్షక్కా?" అన్నాడు.

"ఎవరి మీదా లేదు మల్లయ్యా. కక్ష్య అంటే తిరిగే దారి."

"మరి పొద్దుమాపు తిరుగుడేంది? మా పెద్దనాయిన గిట్లనే తిరిగేటోడు. పొలం గట్టు కాడ కక్ష."

ఆవిడ నవ్వి గ్లాసు కింద పెట్టేసింది. తర్వాత నావైపు తిరిగి, "అది తిరుగుతుందని కూడా అనుకోమాక. మనకి అర్థం కావడానికి అలా అంటారు. ఫలానాచోట ఉందని వేలు పెట్టి చూపించలేం. ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో అంతవరకే చెప్పగలం" అంది. లెక్కలవాడికి ఆ మాట ఎంత రుచించిందో చెప్పలేను. చోటు చెప్పలేకపోయినా అవకాశాన్ని లెక్కగట్టవచ్చునన్నమాట.

వారం తిరిగేసరికి ఒకటి నుంచి ముప్పై దాకా మూలకాలన్నీ వరుసగా రాసి, ఏ వలయంలో, అంటే ఏ మెట్టులో, ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయో పుస్తకంలోని సూత్రం ప్రకారం నింపి ఆవిడకి చూపించాను. ఆవిడ ఎడమకన్ను మూసి పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఇరవై మూడు టిక్కులు. ఇరవై నాలుగు దగ్గర పెన్సిలు ఆగింది. అది క్రోమియం. నేను రెండు, ఎనిమిది, పన్నెండు, రెండు అని రాశాను.

"రెండు, ఎనిమిది, పదమూడు, ఒకటి" అంది ఆవిడ.

"అదెలాగక్కా? సూత్రం ప్రకారం ముందు బయటి మెట్టులో రెండు నిండాలి కదేటి? ఇరవై మూడింటికి సరిపోయిన లెక్క ఇరవై నాలుగుకి తప్పడమేటి?"

"నీ లెక్క బానే ఉంది. క్రోమియం వినలా."

నాకు కోపం వచ్చింది. ఇరవై నాలుగో మెట్టు దగ్గర విరిగిపోయేది అసలు నిచ్చెనే కాదన్నాను. ఆవిడ వాదించలేదు. చర్చిలో తమ గాయకబృందం సంగతి చెప్పింది. పాడేవాళ్లకి ముందు ఐదు కుర్చీలు, విడివిడిగా. ద్వారం దగ్గర ఇద్దరు పట్టే బల్ల ఒకటి. కుర్చీల్లో నలుగురే ఉండి, బల్ల మీద ఇద్దరు సర్దుకుని కూర్చుంటే, పాట మొదలయ్యేలోపు ఆ ఇద్దరిలో ఒకరు లేచి వచ్చి ఐదో కుర్చీలో కూర్చుంటారు. కుర్చీకొకరు చొప్పున ఐదూ నిండితే వరుస కుదురుతుంది, బల్ల మీదివాళ్లకీ ఇరుకు తీరుతుంది. క్రోమియంలోనూ అంతే. మూడో మెట్టు చివరి గదిలో ఐదు చోట్లు, నాలుగో మెట్టు మొదటి గదిలో ఒక జంట చోటు. ఆ రెండు గదుల మధ్య ఎత్తులో తేడా బహు స్వల్పం. కాబట్టి ఒకటి దిగి ఐదో చోటు నింపుతుంది. "ఇది పోలిక మాత్రమే సుమా. ఎలక్ట్రాన్ పాటలు పాడదు" అని చివర్లో తనే అంది.

"చూశారా, అనుకున్నారా?" అన్నాను నేను. ఆవిడ మాట ఆవిడకే అప్పగించానని నాకు గర్వం.

ఆవిడ లేచి, నల్ల తెర వేసి, మెరుపు వెలిగించి, నన్ను కూర్చోబెట్టింది. ఎడమకన్ను మూసుకున్నాను. ఇనుము గీతలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి మధ్య ఆకుల రంగులో మూడు గీతలు పక్కపక్కనే ఒత్తుగా కనిపించాయి. బయట ఒంటరిగా మిగిలిన ఆ ఒక్క ఎలక్ట్రాన్ మెరుపు వేడికి పైమెట్టు ఎక్కి, మళ్లీ దిగేటప్పుడు వదిలే వెలుగు అదేనట. ఆ పైమెట్టు సన్నగా మూడుగా చీలి ఉంటుంది, అందుకని మూడు గీతలు. బల్ల మీద ఇద్దరు ఉండిపోయి ఉంటే ఆ గీతలు అక్కడ అలా పడేవి కావు. ప్రపంచంలో ఏ క్రోమియాన్ని వెలిగించినా అవే మూడు, అదేచోట. రంగు పూసి మార్చలేరు, కాగితం మీద రాసి మార్చలేరు. నేను చాలాసేపు చూశాను. పుస్తకంలో అంకెలన్నీ ఎవరో మనిషి రాసినవనుకున్నాను అప్పటిదాకా.

ఇది జరిగిన కొన్ని నెలలకి అసలు గొడవ వచ్చింది.

మా ఫ్యాక్టరీకి రెండు రకాల ఉక్కు పొడుగాటి బద్దలుగా వచ్చేది. క్రోమియం కలిసిన బద్దల కొసలకి పసుపురంగు పూసేవారు. క్రోమియం లేని రకానికి ఆకురంగు. క్రోమియం ఉక్కును కాల్చి నూనెలో ముంచాలి. రెండోదాన్ని నీళ్లలో ముంచవచ్చు. క్రోమియం రకాన్ని పొరపాటున నీళ్లలో ముంచితే పట్టీ చీలుతుంది. బద్దల్ని వేరుచేసే మనిషి సెలవు పెట్టడంతో ఆరోజు ఆ పని మొదటిసారి మల్లయ్యకి పడింది. ఏది ఎటో చెప్పాల్సినవాణ్ణి నేను. ఫ్యాక్టరీలో అందరం హిందీలోనే మాట్లాడుకుంటాం. ఆరోజు మాత్రం, మనవాడే కదా అని తెలుగులో చెప్పాను.

మర్నాడు ఉదయం నీళ్లలో ముంచిన పట్టీలు ఏడు వరుసగా చీలిపోయాయి. కొలిమి ఆపేశారు. బద్దలన్నీ అప్పటికే పట్టీలుగా కత్తిరించేశారు. రంగున్న కొసలు తునకల్లో పోయాయి. మిగిలిన పట్టీలన్నీ చూపుకి ఒక్కటే. నూనె వైపు తొంభై ఆరు, నీళ్ల వైపు చీలినవాటితో కలిపి నూటముప్పై ఒకటి.

ఫోర్‌మన్ ఈ ఊరివాడే. మంచివాడే గాని కోపం వస్తే ఆగడు. మల్లయ్యని పిలిచి, తాగి వచ్చి రెండు రకాలూ కలిపేశావన్నాడు. మల్లయ్య, "నహీ సాబ్, జైసా బోలే వైసా రఖా. హరా తేల్ మే బోలే" అన్నాడు. ఆకురంగువి నూనె వైపు పెట్టమన్నారని. ఫోర్‌మన్ నావైపు చూశాడు. నేను నిబ్బరంగా, "మైనే పీలా బోలా థా" అన్నాను. పసుపువనే చెప్పానని. అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. మల్లయ్య నా ముఖం వంక ఎలా చూశాడో ఇప్పటికీ గుర్తుంది. అబద్ధమాడినవాణ్ణి చూసినట్టు చూశాడు. నేనూ అతన్ని అలాగే చూశాను.

తాగుబోతూ, పైగా అబద్ధాలకోరూ అన్నాడు ఫోర్‌మన్. సాయంత్రం ఐదు గంటల సైరన్ మోగేసరికి హాజరు ఆఫీసులో సంతకం పెట్టి వెళ్లిపొమ్మన్నాడు. మల్లయ్యకి ముగ్గురు పిల్లలు. ఊరు కాని ఊరు.

గుట్టల్లోంచి పదేసి పట్టీలు పరీక్షించి, ఎంత కలిసిపోయిందో చెప్పమని ఆవిడకి కబురొచ్చింది.

"పదింటిని అడిగితే పదే చెప్తాయి. మిగతావి మూగవా?" అంది ఆవిడ. "తమ్ముడూ, నువ్వు అందించు. నేను చూస్తా."

పన్నెండున్నరకి మొదలుపెట్టాం. నేను పట్టీ పెట్టడం, ఆవిడ మెరుపు వెలిగించడం, చూడ్డం, "ఉంది" అనో "లేదు" అనో చెప్పడం, నేను గీత గీయడం. మధ్యలో రొట్టె తినమంటే తల ఊపలేదు. నూనె వైపు గుట్ట ముందు చూసింది. లేదు, లేదు, లేదు. తొంభై ఆరూ "లేదు". నీళ్ల వైపు గుట్ట మొదలైంది. ఉంది, ఉంది, ఉంది. వందో పట్టీ దాటాక అప్పటిదాకా గీసిన గీతలన్నీ మళ్లీ చూశాను. నేను లెక్క కట్టుకుంటున్నాను. నిర్లక్ష్యంగా కలిపేసినవాడి గుట్టలో అదీ ఇదీ ఉండాలి. తాగినవాడు రెండువందల ఇరవై ఏడు పట్టీల్లో ఒక్కటైనా తప్పకుండా అన్నింటినీ తలకిందులు చేయలేడు. ఇది కలపడం కాదు. చాలా జాగ్రత్తగా, ఎవరో చెప్పినట్టే పెట్టిన మనిషి పని.

నూటముప్పై ఒకటోది కూడా "ఉంది" అంది. గోడగడియారం నాలుగూ నలభై ఆరు చూపిస్తోంది.

ఆవిడ దుర్బీన్ మీంచి కన్ను తీసింది. ఎడమకన్ను ఇంకా మూసే ఉంది.

"నువ్వు మల్లయ్యకి ఏం చెప్పావు? హిందీలో కాదు. నువ్వన్న మాట అన్నట్టే చెప్పు."

"పచ్చవి నూనె వైపు, మిగతావి నీళ్ల వైపు పెట్టమన్నాను."

"ఏ పచ్చ?"

మా ఇంట్లో పచ్చ అంటే పసుపు. మా అమ్మ పచ్చచీర అంటే పసుపుచీర. పచ్చకామెర్లలో కళ్లు ఏ రంగులో ఉంటాయో అదే పచ్చ. ఆకులది ఆకుపచ్చ, అది వేరు. మల్లయ్య వాళ్లవైపు పచ్చ అంటే ఆకురంగే. పసుపుని వాళ్లు పసుపనే అంటారు. పీలా అని ఒక్క హిందీ ముక్క అని ఉంటే ఏ గొడవా లేదు.

"నేనిందాకణ్ణించీ చూస్తున్న మూడు గీతలూ పచ్చవే" అంది ఆవిడ మెల్లగా. "అయితే ఆకుపచ్చ."

మెత్తటి పాత మల్లుగుడ్డ తీసుకుని అద్దం తుడవడం మొదలుపెట్టింది. నేను బల్ల మీద కూర్చుండిపోయాను. ఆ మాట విన్నది మల్లయ్య, నేను, ఇద్దరమే. అతని మాట ఎవరూ నమ్మడం లేదు. నేను ఊరుకుంటే నా పేరు నిలుస్తుంది. ఆ పేరు తప్ప నన్ను లెక్క రాసే కుర్చీలో నిలబెట్టేది ఇంకేమీ లేదు. ఇవన్నీ ఆలోచించాననే ఒప్పుకుంటున్నాను. ఆవిడ అద్దం తుడుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా నావైపు చూడలేదు.

నేను లేచి హాజరు ఆఫీసుకి పరిగెత్తాను. మల్లయ్య కిటికీ ముందు కలం పట్టుకుని నిలబడ్డాడు. ఫోర్‌మన్‌తో, తప్పు నా మాటదని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. మా ఇద్దరినీ వెంటబెట్టుకుని దుర్బీన్ గదికి వచ్చాడు.

"దీదీ, యే క్యా కహ్‌తా హై? పీలా, హరా, దోనో కో ఏక్ హీ నామ్? కైసీ భాషా హై తుమ్హారీ?" అన్నాడు. పసుపుకీ ఆకురంగుకీ ఒకటే పేరా, ఇదేం భాష అని.

ఆవిడ తాపీగా గుడ్డ మడతపెట్టింది.

"సాబ్, ఆప్ కే యహా బీతా హువా దిన్ భీ కల్, ఆనేవాలా దిన్ భీ కల్. హమ్ నే కభీ కుఛ్ కహా?" అంది. నిన్నకీ రేపటికీ వాళ్లకి ఒకటే మాట, మేమెప్పుడైనా ఏమైనా అన్నామా అని.

ఫోర్‌మన్ ఒక క్షణం ఆవిడ వంక చూసి, నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. తర్వాత నేను గీతలు గీసిన కాగితం చూశాడు. రెండు గుట్టలూ శుద్ధంగా ఉన్నాయి, ఒక్క పట్టీ కూడా కలవలేదు, చీలిన ఏడు తప్ప ఏదీ పారేయక్కర్లేదు అని ఆవిడ చెప్పింది. మల్లయ్య సంతకం పెట్టాల్సిన కాగితాన్ని ఫోర్‌మనే చింపేశాడు. నన్ను మూడు నెలలు మళ్లీ మోతకి పంపాడు. అది న్యాయమే.

మల్లయ్య నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"సారూ, మనం మనం తెలుగోళ్లం గద. రేపటి సంది హిందీల్నే మాట్లాడుకుందాం" అన్నాడు.

వాళ్లిద్దరూ వెళ్లాక సైరన్ మోగింది. ఆవిడ తెర తీసి, సంచి సర్దుకుంటోంది. నాకు ఒక మాట అడగకుండా ఉండబుద్ధి కాలేదు.

"అక్కా, మీకు ముందే తెలిసింది. మీరే వెళ్లి ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనే ఉన్నా. నీకు పది నిమిషాలు ఇచ్చా. అంతకన్నా ఆగితే సైరన్ మోగేలోపల నేను ఆఫీసు దాకా పోలేను, ఈ మోకాలితో." సంచి భుజానికి తగిలించుకుని ఆవిడ గడియారం వంక చూసింది. "ఆరు నిమిషాలకే లేచావు. నాకు నడక తప్పింది."